వెంటాడటమా, కాచుకోవడమా?

అందరికీ నమస్కారం.

2017 అక్టోబరు 19న హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోపుకు ఆకాశంలో కదులుతున్న ఒక చుక్క చిక్కింది. కక్ష్య లెక్క కడితే అది మన సూర్యుడి కుటుంబానికి చెందినది కాదని తేలింది. ఎక్కడో మరో నక్షత్రం దగ్గర పుట్టి, దారిలో ఇటుగా వచ్చింది. పేరు ఔమువామువా. మన కంటపడేసరికే అది సూర్యుడికి అతి దగ్గరి బిందువును దాటి 40 రోజులైంది. కొద్ది గంటల వ్యవధిలోనే దాని వెలుగు పది రెట్లు పెరుగుతూ తరుగుతూ ఉండేది. తోక లేదు, వాయువులు చిమ్ముతున్న ఆనవాలూ లేదు, అయినా సూర్యుడి ఆకర్షణతో పొసగని స్వల్పమైన తోపు దాని గమనంలో కనిపించింది. ఎందుకు? అప్పట్లో దగ్గరికి వెళ్లి చూసే వ్యోమనౌక ఒక్కటీ మన చేతిలో లేదు. 2018 జనవరి తర్వాత అది ఏ టెలిస్కోపుకూ అందలేదు.

ఇప్పుడు వెంటాడితే దొరుకుతుందా? దాని వేగం సెకనుకు 26 కిలోమీటర్లు. మనం పంపినవాటిలో అతి వేగంగా దూరమవుతున్న వాయేజర్-1 వేగం 17. ఇక్కడ ఓబర్త్ అనే రాకెట్ శాస్త్రవేత్త కనిపెట్టిన సూత్రం ఆదుకుంటుంది: ఇంధనాన్ని గురుత్వాకర్షణ బలంగా ఉన్నచోట, నౌక అతి వేగంగా పోతున్న క్షణంలో మండించాలి. లెక్క వేసి చూద్దాం. భూమి ఉన్నంత దూరంలో సూర్యుడి పట్టు వదిలించుకోవడానికి 42 కిలోమీటర్ల వేగం కావాలి. దానికి ఇంజిను మరో 3 జోడిస్తే, చివరికి నౌకకు మిగిలేది 16. అదే 3 కిలోమీటర్ల జోడింపును సూర్యుడి కేంద్రానికి పది సౌర వ్యాసార్ధాల దూరంలో చేస్తే, చివరికి 34 మిగులుతుంది! ఇంధనం అంతే, ఫలితం రెట్టింపు. ఈ లెక్క నన్ను ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యపరుస్తుంది.

ఆ దూరానికి, సూర్యుణ్ణి పరిశీలించే నాసా వారి పార్కర్ నౌక 2024 డిసెంబరులో నిజంగానే వెళ్లింది. పదకొండు సెంటీమీటర్ల మందమున్న కార్బన్ కవచం దాన్ని కాపాడింది. కాని పార్కర్ తన వెంట పెద్ద రాకెట్టును మోసుకెళ్లలేదు. అది వేరే స్థాయి సమస్య. సరే, అదీ సాధించామనుకుందాం. 2037లో సూర్యుడి దగ్గర ఇంజిను మండించినా, ఇరవై ఏళ్లు ముందున్న ఔమువామువాను అందుకోవడానికి ఇంకా 65 ఏళ్లు పడుతుంది. అంత దూరంలో సూర్యకాంతి భూమి దగ్గరి కాంతిలో రెండు లక్షల వంతుల్లో ఒకటి. పైగా అది కచ్చితంగా ఎక్కడుంటుందో తెలియదు; ఆ చీకట్లో నౌకే వెతుక్కోవాలి. ప్రాజెక్ట్ లైరా బృందం ఇలాంటి మార్గాల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. వారి పట్టుదల అంటే నాకు ఎంతో గౌరవం. అయినా మన డబ్బు, మన ఏళ్లు మరోచోట పెట్టాలన్నది నా అభిప్రాయం.

2025 జులై 1న చిలీలో కనిపించిన మరో పరాయి నక్షత్రపు అతిథి 3ఐ/అట్లాస్‌నే చూడండి. వేగం సెకనుకు 58 కిలోమీటర్లు. ఓబర్త్ ఉపాయంతో వచ్చిన 34 దానికి ఏమూలకూ చాలదు. కాని ఈసారి అది సూర్యుణ్ణి సమీపించడానికి నాలుగు నెలల ముందే దొరికింది. అక్టోబరులో అది అంగారకుడి పక్కగా పోతుంటే, అక్కడ తిరుగుతున్న యూరప్ నౌక సుమారు 3 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి ఫొటో తీసింది. ఆ నౌకను పంపింది అంగారకుడి వాతావరణాన్ని పరిశీలించడానికి. దారిలో ఉంది కాబట్టి చూడగలిగింది.

కాబట్టి ముందే వెళ్లి కాచుకోవాలి. యూరప్, జపాన్ కలిసి కామెట్ ఇంటర్‌సెప్టర్ అనే నౌకను 2029లో పంపాలని చూస్తున్నాయి. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఆగి, కొత్త తోకచుక్క కోసం ఎదురుచూస్తుంది. అదృష్టం కలిసొస్తే పరాయి నక్షత్రపు అతిథే కావచ్చు. ఎదురుపడే వేగం సెకనుకు 70 కిలోమీటర్ల దాకా ఉండవచ్చు. అందుకే దగ్గరికి చేరేముందే మూడు భాగాలుగా విడిపోయి, ఆ కాస్త సమయంలోనే మూడు చోట్ల నుంచి చూస్తుంది. 2019లో దీన్ని ఎంపిక చేసినప్పుడు లక్ష్యం ఏదో ఎవరికీ తెలియదు. అంతరిక్ష సంస్థలు అలాంటి నిర్ణయం తీసుకోవడం చాలా అరుదు.

అయితే దానికి ఇంధనం తక్కువ. భూకక్ష్యకు దరిదాపుల్లో పోయేవాటినే అది అందుకోగలదు. చిలీలో రూబిన్ అబ్జర్వేటరీ 8.4 మీటర్ల అద్దంతో ఆకాశాన్ని జల్లెడ పట్టేకొద్దీ, ఇలాంటి అతిథులు ఇంకా ముందుగా మన దృష్టికి వస్తారు. అందుకే నిండుగా ఇంధనమున్న రెండో నౌకకు ఇప్పుడే అనుమతి ఇవ్వాలి. లక్ష్యం దొరికాక చూద్దామని ఆ ఫైలును పక్కన పెట్టకూడదు.