పల్లం లేని దారిలో కాలికి సెలవు లేదు

నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు వచ్చి కూర్చోండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి.

నిన్న సాయంత్రం మనలో ఒక కుర్రవాడు ఫోను చేశాడు. "మాస్టారూ, నేను అరకు ఘాట్ రోడ్డు ఎక్కినవాణ్ణి. కోనసీమలో కొండన్నదే లేదు కదండీ, మన రాత్రి సైకిల్ ప్రయాణానికి ప్రత్యేకంగా తయారీ ఎందుకు?" అని అడిగాడు. పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా అతనికి జవాబే అనుకోండి.

ఘాట్‌లో గంటసేపు చెమటలు కక్కుతూ ఎక్కుతాం, నిజమే. కానీ ఎక్కిన తరువాత దిగుడు ఉంటుంది. ఆ దిగుడులో కాళ్లు ఊరుకుంటాయి, నడుము నిటారవుతుంది, నీళ్లు తాగుతాం, పాట కూడా పాడతాం. మన దారిలో ఆ భాగ్యం లేదు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు. దాని నుంచి తీసిన కాలువలకు నీరు పారడానికి ఎంత వాలు కావాలో అంతే ఇచ్చారు. ఆ వాలు నీటికి తెలుస్తుంది, మన కాళ్లకు తెలియదు. ఆ కాలువ గట్ల మీదే మన ప్రయాణం. సాయంత్రం బొబ్బర్లంకలో బయలుదేరి, లొల్ల లాకుల మీదుగా, పుంతలూ గట్లూ పట్టుకుని పి.గన్నవరం అక్విడెక్టు, అంటే ఏటి మీదుగా కాలువను దాటించే వంతెన, దాటి, రాజోలు వైపు ఏటిగట్టు ఎక్కి, తెల్లవారేసరికి అంతర్వేది. చుట్టుతిరుగుళ్లతో కలిపి సుమారు 110 కిలోమీటర్లు. ఇందులో తొక్కకుండా సైకిల్ దానంతట అది సాగే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

200 కిలోమీటర్ల బ్రెవేను, అంటే గడువులోపు ముగించాల్సిన దూరప్రయాణపు సైకిల్ పరీక్షను, పదమూడున్నర గంటల్లోపు పూర్తిచేసినవారు మనలో ముగ్గురు ఉన్నారు. వారికి ముందే చెబుతున్నాను, మన 110 కిలోమీటర్లకూ దాదాపు అంత సమయమే పడుతుంది. తారు రోడ్డు లెక్క వేరు, పుంత లెక్క వేరు.

ఆగకుండా తొక్కితే ముందు దెబ్బతినేవి కాళ్లు కావు, చేతులూ కూర్చునే చోటూ. అరచేతి అంచున నరం నలిగి చిటికెన వేలూ ఉంగరం వేలూ మొద్దుబారతాయి. ఒకసారి మొద్దుబారాయంటే రెండు మూడు రోజులు చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమే. కాబట్టి ఈ నెల రోజుల సాధనలో ఎక్కువ దూరం తొక్కడం కంటే ముఖ్యమైన అలవాటు ఒకటి ఉంది. పావుగంటకోసారి పెడళ్ల మీద లేచి నిలబడి ఇరవై అంకెలు లెక్కపెట్టండి, చేతులు పట్టుకునే తీరు మార్చండి. దిగుడు మనకు దేవుడు ఇవ్వలేదు కనుక మనమే కల్పించుకోవాలి. కుట్లు ఒరుసుకోని నిక్కరు వేసుకోండి. ఒరుపుకు ఖరీదైన క్రీములు చాలానే వస్తున్నాయి, నేను మాత్రం కొబ్బరినూనె రాస్తాను. కోనసీమవాణ్ణి, ఇంకేం రాస్తాను?

ఇక మట్టి. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, విసుక్కోకండి.

మూడేళ్ల క్రితం, వాన పడిన మర్నాడు రాత్రి, ముక్తేశ్వరం అవతల ఒక చేలగట్టు మీద వెళుతున్నాను. పైన ఆరినట్టే కనిపించింది. వంద గజాలు వెళ్లానో లేదో చక్రం బరువెక్కింది. ఇంకో పది గజాలకు ఆగిపోయింది. దిగి టార్చి వేసి చూస్తే టైరుకూ ఫ్రేముకూ మధ్య మట్టి, దాని మీద గడ్డి, మళ్లీ మట్టి, పొరలు పొరలుగా. మన పూతరేకు చుట్టినట్టే ఉంది, తీపి ఒక్కటే తక్కువ. వేలితో గీకితే రాలేదు. పుల్లతో పొడిస్తే పుల్ల విరిగింది. కొబ్బరి మట్ట చెక్కతో అరగంట గీకి, చక్రం తిరిగిందని సంతోషించి ఎక్కాను. మళ్లీ పది గజాలు. అప్పుడు చేలో నీరు పెట్టుకుంటున్న పెద్దాయన లైటు వేసి అరిచాడు: "ఎవరు బాబూ అది? దిగి భుజాన వేసుకో! ఆ గట్టు మీద సైకిలు నిన్ను మొయ్యదు, నువ్వే దాన్ని మొయ్యాలి!" మోశాను. సంచులతో కలిపి ఇరవై రెండు కిలోలు. తారు రోడ్డు తగిలేదాకా మోశాను.

ఆ రాత్రి నేర్చుకున్న సంగతి ఇది. నీళ్లు నిలిచిన బురద అంత ప్రమాదం కాదు. అది జారుతుంది, చిమ్ముతుంది, కడుక్కుపోతుంది. పూర్తిగా ఎండిన నల్లమట్టి రోడ్డంత గట్టి. సగం ఆరినదే అంటుకుని వదలదు. అనుమానంగా ఉంటే దిగి పిడికెడు మట్టి తీసి పిసకండి. వేళ్ల మధ్య నుంచి కారిపోతే నెమ్మదిగా వెళ్లవచ్చు. పొడిపొడిగా రాలితే ధైర్యంగా వెళ్లవచ్చు. అరచేతికి ముద్దలా అతుక్కుని విదిల్చినా రాకపోతే, ఎక్కకండి. ఎక్కి ఇరుక్కున్న తరువాత కంటే ఎక్కకముందే నడిపించుకుని వెళ్లడం తేలిక. మడ్‌గార్డులు ఇంట్లో విప్పేసి రండి. టైరుకూ ఫ్రేముకూ మధ్య మీ చిటికెన వేలు దూరకపోతే సన్నటి టైరు వేసుకోండి. పాత స్టీలు గరిటె ఒకటి సంచిలో ఉంచుకోండి, కొబ్బరి మట్ట వెతుక్కునే పని తప్పుతుంది.

మోత కూడా సాధనే. బైక్‌ప్యాకింగ్‌లో, అంటే సామాను సైకిల్‌కే కట్టుకుని సాగే ఇలాంటి ప్రయాణంలో, క్యారియర్ ఉండదు. హ్యాండిలుకు, ఫ్రేము మధ్యలో, సీటు వెనక సంచులు బిగించి కడతాం. నింపిన సంచులతోనే వారానికి ఒకసారైనా తొక్కండి, కిలోమీటరు దూరం నడిపించండి, నాలుగు మెట్లు ఎక్కించండి. బరువైనవి ఫ్రేము మధ్యలో కిందికి, మెత్తనివి హ్యాండిలుకు.

తేదీ గురించి చాలామంది అడిగారు, పౌర్ణమి నాడు ఎందుకు పెట్టలేదని. మాఘ పౌర్ణమికి అంతర్వేదిలో సముద్రస్నానాలు. ఆ జనంలో సైకిల్ నడిపించడానికి కూడా చోటుండదు. అందుకే బహుళ చవితికి పెట్టాం. సంకటహర చవితికి ఉపవాసం ఉండే అమ్మలను అడగండి, చంద్రుడి కోసం ఎంతసేపు ఎదురుచూడాలో చెబుతారు. రాత్రి తొమ్మిది దాటాక వస్తాడు. వస్తే తెల్లవారేదాకా మనతోనే ఉంటాడు. మనకు వెన్నెల కావలసింది నడిరాత్రి తరువాతే కదా. ఇంకో సంగతి. చంద్రోదయం రోజుకు సగటున యాభై నిమిషాలు ఆలస్యమైనట్టే సముద్రపు పోటూ ఆలస్యమవుతుంది. చివరి మజిలీ తీరం వెంట, అంతర్వేది నుంచి కేశనపల్లి వైపు. అక్కడ పాటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గి విడిచిన తడి ఇసుక మీద చక్రం దిగబడదు. పోటు వేళ వెళితే పొడి ఇసుకలో తోసుకోవడమే. కాబట్టి ఆ రోజు పోటుపాట్ల పట్టిక చూసుకునే తీరంలోకి దిగుతాం.

అయితే తెల్లవారకముందు మాత్రం ఎవరూ తీరంలోకి దిగకూడదు. పాటు ముందే వచ్చినా సరే. ఆ రోజుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. లైట్లు చూస్తే బెదిరి వెనక్కి వెళ్లిపోతాయి. దీనిలో బేరం లేదు.

ఇసుకలోకి దిగేముందు టైరులో గాలి తగ్గించాలి. రెండంగుళాల ట్యూబ్‌లెస్ టైరైతే పదిహేను పౌండ్ల దాకా దించవచ్చు. లోపల ట్యూబు ఉన్నవారు అంత సాహసం చేయవద్దు. రాయి తగిలితే రిమ్ము కింద ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఒడ్డుకు వచ్చాక మళ్లీ కొట్టుకోవడానికి చేతిపంపు మరవకండి. ఇంటికి చేరగానే మంచినీళ్లతో కడగండి. ఉప్పు తగిలిన చైను మర్నాటికి ఎర్రబడుతుంది.

మాఘమాసం కనుక మంచు కూడా ఉంటుంది. తలకు కట్టుకున్న లైటు మంచులో శత్రువు. వెలుగంతా కళ్ల ముందే తెల్లటి తెరలా నిలుస్తుంది. లైటును హ్యాండిలు కంటే కిందికి బిగించి, నేల మీదికి వంచి, వెలుగు తగ్గించండి. గట్టు మీద కాలువ వైపు కాకుండా చేల వైపు అంచున ఉండండి. దాళ్వా, అంటే రెండో పంట రోజులు, కాలువలు నిండుగా ఉంటాయి. ఒకప్పుడు మనుషులు తాడు పట్టి పడవలు లాగుతూ నడిచిన గట్లు అవి. నడిచేవారికి చాలిన వెడల్పు నిద్రమత్తులో తొక్కేవారికి చాలదు.

తిండి సంగతి. గంటకు ముప్పై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలి. రెండు అరటిపళ్లు తింటే ఆ లెక్క సరిపోతుంది. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. తాపేశ్వరం కాజా తెస్తామని ఇద్దరు అన్నారు. తెండి, కానీ పాకం అంటిన వేళ్లతో గేర్లు మార్చి చూడండి, అప్పుడు నన్ను తలుచుకుంటారు. నడిరాత్రికి తీపి మీద విరక్తి పుడుతుంది. అందుకే పులిహోర చిన్న చిన్న ముద్దలు చేసి అరిటాకులో కట్టి తెచ్చుకోండి. చలిలో దాహం తెలియదు, అయినా తాగండి. ఒక సీసాలో మామూలు నీళ్లు, ఒకదానిలో ఓఆర్ఎస్.

రెండు నుంచి నాలుగు గంటల మధ్య అందరికీ ఒళ్లు మగతగా ఉంటుంది. అప్పుడు ఇరవై నిమిషాలు పడుకోవడం సిగ్గుచేటు కాదు. బడి వరండానో, గుడి మండపమో చూసుకుని, మెలకువగా ఉన్నవారిని అడిగి పడుకోండి. గడ్డిమేటు వెచ్చగా పిలుస్తుంది, వెళ్లకండి. ఎలుకలు అక్కడే ఉంటాయి, వాటి వెనకే పాములు. కొబ్బరిచెట్టు కింద పడుకోకూడదని ఈ ఊళ్లో నేను చెప్పాలా?

కుక్కలు తరిమితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ను మధ్యలో ఉంచుకుని నడవండి. చాలాసార్లు వాటికే విసుగు పుడుతుంది.

వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి సైకిళ్లు, నింపిన సంచులు తీసుకుని మా చేలగట్టు దగ్గరికి రండి. ముందురోజు సాయంత్రం దాని మీద నాలుగు బిందెల నీళ్లు పోయిస్తాను. పొద్దుటికి సగం ఆరి ఉంటుంది. ఘాట్ ఎక్కిన మన కుర్రవాడు ముందు వెళతాడు. గరిటె నేను తెస్తాను, పాత చెప్పులు మీరు తెచ్చుకోండి.