తిమింగలం బొడిపెలు, ఆ 40 శాతం గోల

ఈ వారంలో ముగ్గురు నాకు ఒకటే క్లిప్ పంపారు. తిమింగలం రెక్కను కాపీ కొట్టి గాలిమర బ్లేడ్ చేశారట, కరెంటు 40 శాతం ఎక్కువ వస్తోందట. తిమింగలం నిజం. కాపీ నిజం. 40 కూడా నిజమే. కరెంటు మాత్రం అబద్ధం.

ముందు చెయ్యి బయట పెడదాం. వెళ్తున్న కారు కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టి ఆడని పిల్లలు ఉండరు. పెద్దవాళ్లూ ఆడతారు, ఒప్పుకోరంతే. చెయ్యి నేలకు సమాంతరంగా ఉంచితే పెద్దగా ఏమీ జరగదు. బొటనవేలి వైపు కాస్త పైకెత్తితే చెయ్యి దానంతటదే లేస్తుంది. అది లిఫ్ట్. ఇంకాస్త వంచితే ఇంకా లేస్తుంది. అలా వంచుతూ పోతే ఒక కోణం దాటాక పైకి లేపే బలం తగ్గిపోయి, చెయ్యి వెనక్కి కొట్టుకుపోతుంది. చేతి పైభాగాన్ని అంటిపెట్టుకుని జారుతున్న గాలి పట్టు వదిలేసింది. దీన్నే స్టాల్ అంటారు.

(స్క్రీన్ మీద: తిమింగలం రెక్క, దగ్గర నుంచి)

హంప్‌బ్యాక్ తిమింగలం 12 నుంచి 16 మీటర్లు ఉంటుంది, బరువు 30 టన్నుల దాకా. అంత ఒళ్లు వేసుకుని చేపల గుంపు చుట్టూ ఇరుకు వలయంలో తిరుగుతుంది. అలా మలుపు తిరగాలంటే పక్క రెక్కల్ని బాగా వాల్చాలి, అంటే స్టాల్ దాకా వెళ్లాలి. ఆ రెక్క ముందంచు చూడండి, నున్నగా లేదు. పిడికిలి బిగిస్తే వేళ్ల కణుపులు లేచినట్టు వరసగా బొడిపెలు.

ఫ్రాంక్ ఫిష్ అనే జీవశాస్త్రవేత్త (ఇంటిపేరు నిజంగానే ఫిష్, నేను పెట్టింది కాదు) బోస్టన్‌లో ఒక దుకాణంలో తిమింగలం బొమ్మ చూసి, శిల్పి బొడిపెల్ని పొరపాటున ముందంచున పెట్టాడనుకున్నారట. శిల్పి తప్పేమీ లేదని తర్వాత తెలిసింది. 2004లో ఆయన, సహచరులు రెండు రెక్క నమూనాల ఫలితాలు బయటపెట్టారు, ఒకటి నున్నది, ఒకటి బొడిపెలది. విండ్ టన్నెల్‌లో, అంటే గాలిని వీయించి పరీక్షించే సొరంగంలో, నున్నది సుమారు 12 డిగ్రీల దగ్గర స్టాల్ అయింది. బొడిపెలది 16 దాటాక. మీ 40 శాతం అదే, స్టాల్ కోణం 12 మీద నాలుగు డిగ్రీల పైచిల్లర పెరగడం (లెక్కకు 36 శాతం దాకా, దాన్నే సుమారు 40 అన్నారు)! బొడిపెల వెనక చిన్న చిన్న సుడులు పుట్టి, పైన ఉన్న వేగమైన గాలిని రెక్క ఒంటికి దించుతాయి. అందుకే గాలి పట్టు తొందరగా వదలదు, వదిలినా ఒక్కసారిగా వదలదు.

ఇప్పుడు కరెంటు లెక్క. వీచే గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి ఏ టర్బైనూ, అంటే ఏ గాలిమరా, లాగలేదు. ఇది బెట్జ్ పరిమితి, 1919 నుంచీ తెలిసిందే. మంచి టర్బైన్ ఇప్పటికే 45 శాతం దాకా లాగుతోంది. ఆ 45ను 40 శాతం పెంచితే 63. బొడిపెలు పెట్టి భౌతికశాస్త్రాన్ని ఓడించేశారన్నమాట!

పైగా పెద్ద టర్బైన్ స్టాల్ దాకా ఎందుకు వెళ్తుంది? కిటికీ బయట మన చెయ్యి ఎంత వంచాలో మోటార్లు చూసుకుంటున్నట్టు, కంప్యూటర్ బ్లేడ్ కోణాన్ని మారుస్తూనే ఉంటుంది. స్టాల్ రాని చోట బొడిపెలతో ఒరిగేది తక్కువ, ఒక్కోసారి కాస్త నష్టం కూడా. ఉన్నట్టుండి ఈదురుగాలి కొట్టినప్పుడు, కోణం మార్చుకోలేని చిన్న టర్బైన్లలో, అక్కడ పనికొస్తాయి. నాకు బొడిపెలంటే ఇష్టమే, వాటికి రాని పని అంటగట్టడమే నచ్చదు.

అసలు పొలాల్లో తిరుగుతున్న బ్లేడ్ల మీదికి ఎక్కింది గుడ్లగూబ ఆలోచన. బ్లేడ్ కొస గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంది, ఆ హోరు ఎక్కువగా వెనకంచు నుంచే పుడుతుంది. గుడ్లగూబ ఈకల వెనకంచు మెత్తటి కుచ్చులా ఉంటుంది, అందుకే దాని రాక ఎలుకకు వినపడదు. బ్లేడ్‌కు కుచ్చు బదులు రంపపు పళ్లు అతికిస్తారు. చప్పుడు రెండు మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. అంతేనా అనకండి. చప్పుడు నిబంధనల వల్ల రాత్రిళ్లు వేగం తగ్గించే టర్బైన్ ఇక కాస్త వేగంగా తిరగొచ్చు, కరెంటు అక్కడ పెరుగుతుంది. ఇది ఎవరూ క్లిప్ చేయరు.

టైమ్ అయిపోతోంది, ఒక్కటి చెప్పేస్తా. 200 మీటర్ల బ్లేడ్ ఎలా నిలుస్తుందని అమెరికాలో శాండియా అనే ప్రభుత్వ పరిశోధనశాల కూడా ఉన్న ఒక బృందం కొబ్బరి జాతి చెట్ల వైపు చూసింది. వాళ్ల డిజైన్‌లో బ్లేడ్లు స్తంభానికి గాలివాలు వైపు ఉంటాయి, మామూలుగా విప్పుకుని తిరుగుతాయి, తుపాను వస్తే మట్టలు వాలినట్టు ముడుచుకుంటాయి. కిటికీలోంచి చెయ్యి లోపలికి లాక్కున్నట్టే.