వేరువేరు కంపెనీల స్మార్ట్ పరికరాలను కలిపి వాడడం ఎలా?

నమస్తే అండి. బల్బు ఒక కంపెనీది, ప్లగ్గు ఇంకోదానిది, డోర్ సెన్సర్ మరొకరిది. ఎవరి యాప్ వాళ్ళదే. తలుపు తీయగానే లైటు వెలగాలంటే మాత్రం ఒకదాని మాట ఒకటి వినదు. ఇవాళ వీటిని కలుపుదాం.

ముందు పెట్టె మీద ‘మ్యాటర్’ అని ఉందేమో చూడండి. యాపిల్, గూగుల్, అమెజాన్ లాంటి కంపెనీలు 2019లో చేతులు కలిపి మొదలుపెట్టిన ఉమ్మడి ప్రమాణం (స్టాండర్డ్) ఇది, అంటే పరికరాలన్నీ మాట్లాడుకునే ఒకే భాష లాంటిది. మొదటి వెర్షన్ 2022 అక్టోబరులో వచ్చింది. ఇది ఉన్న పరికరం ఏ కంపెనీదైనా సరే, మ్యాటర్‌ని సపోర్ట్ చేసే ఏ యాప్‌లోకైనా సాధారణంగా వస్తుంది. ‘వర్క్స్ విత్ అలెక్సా’ అని మాత్రమే ఉంటే అది అలెక్సాతో పనిచేస్తుందన్న హామీ మాత్రమే, రెండూ ఒకటే అనుకోకండి.

రెండోది హబ్, అంటే ఇంట్లోని పరికరాలన్నిటినీ కలిపి నడిపేది. తలుపు తీయగానే లైటు వెలగడం లాంటివి వాటంతటవే జరగాలంటే ఫోన్ ఒక్కటే సరిపోదు. యాపిల్ హోమ్‌పాడ్, గూగుల్ నెస్ట్ హబ్, అమెజాన్ ఎకో లాంటిది ఒకటి ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. మీ పరికరం వైఫైది కాకుండా ‘థ్రెడ్’ది (తక్కువ కరెంటుతో నడిచే మరో వైర్‌లెస్ పద్ధతి) అయితే, ఆ హబ్ థ్రెడ్ బోర్డర్ రౌటర్ కూడా అయి ఉండాలి, అంటే థ్రెడ్ పరికరాలను మీ ఇంటి నెట్‌వర్క్‌కి కలిపేది. హోమ్‌పాడ్ మినీలో అది ఉంది. బ్యాటరీతో నడిచే సెన్సర్లు చాలావరకు థ్రెడ్‌వే, అందుకే కొనే ముందే చూసుకోవాలి.

సరే, ఇప్పుడు ప్లగ్గు పెడుతున్నాను. ఫోన్‌లో బ్లూటూత్ ఆన్ చేశాను, ఎందుకంటే మొదటి పరిచయం బ్లూటూత్ మీదే జరుగుతుంది. యాపిల్ హోమ్ యాప్‌లో ప్లస్ గుర్తు నొక్కి, ప్లగ్గు మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తున్నాను. స్కాన్ కాకపోతే దాని పక్కనే ఉన్న 11 అంకెలు టైప్ చేయవచ్చు. అదిగో, వచ్చేసింది. గోడకు బిగించే పరికరమైతే, బిగించక ముందే ఆ స్టిక్కర్‌ను ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత స్క్రూలు విప్పే పని తప్పుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇదే ప్లగ్గు గూగుల్ హోమ్‌లో కూడా కావాలి. చాలామంది మళ్ళీ అదే స్టిక్కర్ స్కాన్ చేస్తారు, పని చేయదు. పరికరం పాడైందనుకుని రీసెట్ చేస్తారు, అప్పుడు మొదటి యాప్‌లోంచి కూడా పోతుంది! స్టిక్కర్ కోడ్ మొదటిసారి కలపడానికే. రెండో యాప్‌కి ఆహ్వానం మొదటి యాప్ నుంచే వెళ్ళాలి. చూడండి: హోమ్ యాప్‌లో ప్లగ్గు సెట్టింగ్స్ తెరిచి, కిందికి వచ్చి, ‘టర్న్ ఆన్ పెయిరింగ్ మోడ్’ నొక్కుతున్నాను. కొత్త కోడ్ ఇచ్చింది. అది కాపీ చేసి గూగుల్ హోమ్‌లో ఇస్తున్నాను. కాస్త త్వరగా ఇవ్వాలి, ఆ కోడ్ కొద్ది నిమిషాలే చెల్లుతుంది. అంతే, రెండు చోట్లా ఉంది. ఒక్కో మ్యాటర్ పరికరం ఇలా కనీసం అయిదు వ్యవస్థల్లో చేరగలగాలన్నది నిబంధన.

అయితే ఆటోమేషన్లు, అంటే ‘తలుపు తీస్తే లైటు వెయ్యి’ లాంటి ఆదేశాలు మాత్రం ఒకే యాప్‌లో పెట్టండి. ఒక యాప్ లైటు వేస్తే ఇంకొకటి ఆర్పేస్తుంటే, తప్పు ఎక్కడుందో వెతకలేక తల ప్రాణం తోకకొస్తుంది.

మ్యాటర్ కంటే ముందునుంచీ ఉన్న జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతి పాత బల్బులు పారేయక్కర్లేదు. అలాంటి బల్బులను నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె అయిన ఫిలిప్స్ హ్యూ బ్రిడ్జ్‌కి 2023లో మ్యాటర్ అప్‌డేట్ వచ్చింది. బ్రిడ్జ్‌ను కలిపితే దాని బల్బులన్నీ వెంట వస్తాయి. కాకపోతే కంపెనీ యాప్‌ని పూర్తిగా తీసేయకండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, కొన్ని ప్రత్యేక ఫీచర్లు అందులోనే ఉంటాయి.

పరికరం దొరకడం లేదా? ఫోన్, హబ్ గెస్ట్ వైఫైలో ఉన్నాయేమో చూడండి. అక్కడ పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా రౌటరే అడ్డుకుంటుంది. రౌటర్‌లో ఐపీవీ6 (పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలిచ్చే కొత్త పద్ధతి) ఆఫ్ చేసి ఉన్నా మ్యాటర్‌కి ఇబ్బందే.

చివరిగా ఒక పరీక్ష. రౌటర్‌కి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ పీకేస్తున్నాను, వైఫై ఆన్‌లోనే ఉంది. ఇప్పుడు హోమ్ యాప్‌లో ప్లగ్గు నొక్కితే... వెలిగింది. మ్యాటర్ ఆదేశాలు ఇంట్లోనే తిరుగుతాయి కాబట్టి క్లౌడ్ (ఇంటర్నెట్‌లోని కంపెనీ సర్వర్లు) అక్కర్లేదు. వాయిస్ కమాండ్లకు మాత్రం సాధారణంగా నెట్ ఉండాల్సిందే, కాబట్టి కేబుల్ తిరిగి పెట్టేయండి.