ఈ గ్లాసు నిజంగా నిజాం కాలానిదేనా?

[బల్ల మీద తెల్ల గుడ్డ. దాని మీద బోర్లించిన గాజు గ్లాసు.]

నమస్కారం. దీన్ని హనుమకొండలో ఒక పాత సామాన్ల దుకాణంలో కొన్నాను. "నిజాం కాలం నాటిది, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నాడు దుకాణదారు. నిజాంల పాలన 1724లో మొదలై 1948లో ముగిసింది. అందులో ఏ కాలమో ఆయన చెప్పలేదు. అందుకని కళ్లు తెరిచే చూద్దాం.

ఆకారాన్ని నమ్మకండి. పాత నమూనాలను మళ్లీ మళ్లీ పోస్తూనే ఉంటారు. ముందు అడుగు చూడాలి.

[అడుగు భాగం, దగ్గరగా]

చేతితో ఊదే పనివాడు ఇనుప కడ్డీని గ్లాసు అడుగున అతికించి, దాన్ని పట్టుకుని పై అంచు దిద్దుతాడు. పని కాగానే కడ్డీని టక్కున విరిచేస్తాడు. అక్కడ బొడ్డులాంటి మచ్చ మిగులుతుంది. దాని పేరు పాంటిల్ మచ్చ. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు గ్లాసుల్లో అది చాలాసార్లు వేలికి గరుకుగా తగులుతుంది. తర్వాతి కాలంలో దాన్ని సానపట్టి నున్నటి గుంటగా మార్చడం పెరిగింది. మచ్చ కనబడగానే సంబరపడకండి, చేతితో ఊదేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

దీనికి ఆ మచ్చే లేదు.

[గ్లాసు లోపల వేలు]

బయట నిలువు పలకలున్నాయి. లోపల మాత్రం పూర్తిగా నునుపు. అచ్చులో ఊది ఉంటే ఆ ఎగుడుదిగుడులు లోపల కూడా తెలిసేవి. చెక్కిన గాజుకూ లోపల నునుపే, కానీ దాని పలకల అంచులు పదునుగా ఉంటాయి. ఇక్కడ అంచులు మొద్దుగా ఉన్నాయి. పైగా పక్కన అచ్చు అతుకు గీత... ఇదిగో, గోరుకు తగులుతోంది. అంటే కరిగిన గాజును అచ్చులో వేసి, పైనుంచి దిమ్మెతో వత్తారు. ఇలా యంత్రంతో గ్లాసులు వత్తడం 1820లలో అమెరికాలో మొదలైంది. అక్కడికి నిజాం కాలంలో మొదటి వందేళ్లు కొట్టివేశాం.

అరుగుదల సంగతి కూడా చూద్దాం. బల్లకు ఆనే చోట మాత్రమే సన్నటి గీతలు అన్ని దిక్కులా ఉన్నాయి, ఇది వాడిన గ్లాసే. గీతలన్నీ ఒకే వైపుకు ఉంటే ఇసుక కాగితాన్ని అనుమానించాలి.

[ఫోను టార్చి ఏటవాలుగా]

అడుగున మసక ముద్ర: మేడ్ ఇన్ చెకొస్లొవేకియా. ఆ దేశం పుట్టిందే 1918లో! అంతకుముందు ఈ ముద్ర పడే వీలే లేదు.

దుకాణదారు అబద్ధం చెప్పాడని అనలేను. 1918 నుంచి 1948 దాకా కూడా నిజాం కాలమే. ధర మాత్రం మొదటి నిజాం నాటి గ్లాసుకు చెప్పినట్టు చెప్పాడు.