నీళ్లంటే బెదిరే పిల్లికి ఇంట్లోనే స్నానం: చెన్నై ఇళ్లకు తగిన పద్ధతి

[దృశ్యం: పెరంబూరులోని ఒక పాత ఇంటి స్నానాల గది. అడుగున రబ్బరు మ్యాట్ పరిచిన వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి, పక్కన రెండు బకెట్లు, ఒక మగ్గు. గుమ్మం దగ్గర జున్ను అనే నాటు పిల్లి కూర్చుని ఉంటుంది.]

వ్యాఖ్యాత: నమస్కారం. పిల్లికి స్నానం చేయించడం ఎలా అని అడిగేవారిని నేను మొదట అడిగేది ఒకటే: ఆ స్నానం నిజంగా అవసరమా? ఇంటిపట్టునే ఉండే, ఆరోగ్యంగా ఉన్న, పొట్టి వెంట్రుకల పిల్లికి సాధారణంగా స్నానం అక్కరలేదు. దాని నాలుక మీద వెనక్కి వంగిన సన్నని ముళ్లు ఉంటాయి. మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే తయారైన ఆ ముళ్లు లాలాజలాన్ని వెంట్రుకల మొదళ్ల వరకు చేరుస్తూ, మురికినీ ఊడిన వెంట్రుకలనూ దువ్వి తీసేస్తాయి. మనం శుక్రవారం తలంటుకున్నట్టు వారానికొకసారి పిల్లికి కూడా నీళ్లు పోస్తే, చర్మం మీది సహజమైన నూనె పోయి ఒళ్లు పొడిబారుతుంది.

అది నాకి శుభ్రం చేసుకోలేనిది, లేదా నాకితే దాని ప్రాణానికే ముప్పు తెచ్చేది ఒంటికి అంటినప్పుడు మాత్రం స్నానం తప్పదు. ఇంజిన్ ఆయిల్, రంగు, ఎలుకల కోసం పెట్టే జిగురు అట్ట, విరేచనాల వల్ల వెనుక భాగానికి అంటిన మలం ఈ కోవలోకి వస్తాయి. ముసలితనం వల్లనో అధిక బరువు వల్లనో ఒళ్లు వంచి నాక్కోలేని పిల్లులకు, వెంట్రుకలు అట్టకట్టే పర్షియన్ పిల్లులకు, తామర సోకినందున పశువైద్యులు మందు కలిపిన షాంపూ రాసిచ్చిన పిల్లులకు కూడా మన సాయం కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లకూనలు ఒంటి వేడిని నిలుపుకోలేవు కాబట్టి వాటికి స్నానం చేయించకూడదు. శస్త్రచికిత్స జరిగిన పిల్లికి కుట్లు మానేవరకు, పేలకోసం మెడ మీద చుక్కల మందు వేసిన పిల్లికి కనీసం రెండు రోజుల వరకు నీళ్లు తగలనివ్వకండి.

[దృశ్యం: మేడ మీది నల్లటి నీళ్ల ట్యాంకు, దాని మీద మధ్యాహ్నపు ఎండ.]

వ్యాఖ్యాత: మూడేళ్ల క్రితం మే నెలలో ఒక మధ్యాహ్నం మా జున్ను కింద నిలిపిన స్కూటర్ల మధ్య దూరి, వీపంతా నల్లటి నూనెతో ఇంట్లోకి వచ్చింది. నేను కంగారుపడి దాన్ని నేరుగా కుళాయి కింద పెట్టాను. కత్తిరి ఎండల్లో మేడ మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి ఎంత కాగిపోతాయో చెన్నైలో ఉండేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ వేడినీళ్లు ఒక్కసారిగా మీద పడేసరికి అది నా ముంజేతిని పొడుగునా చీరి, నున్నటి టైల్స్ మీద జారిపడి, ఆ తర్వాత నెల రోజుల పాటు స్నానాల గది వైపు రాలేదు. తప్పు పూర్తిగా నాదే. ఆ రోజు అది పడిన భయం తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఈ వీడియో చేయడానికి కారణం కూడా అదే.

తర్వాత నిదానంగా గమనిస్తే నాకు తెలిసింది ఇది. చాలా పిల్లులను బెదరగొట్టేది నీళ్లొక్కటే కాదు. కాలి కింద పట్టు జారిపోవడం, తప్పించుకునే దారి లేకుండా ఎవరో గట్టిగా అదిమి పట్టుకోవడం, పైనుంచి షవర్ చప్పుడు చేస్తూ కురవడం, ఈ మూడూ కలిస్తే ఎంత సాధువైన పిల్లి అయినా తిరగబడుతుంది. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులి అవుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. కాబట్టి అడుగున రబ్బరు మ్యాట్ గానీ, మడతపెట్టిన పాత తువ్వాలు గానీ పరచడం ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు అని నేను నమ్ముతాను. పంజాలకు పట్టు దొరికిన పిల్లి సగం నెమ్మదిస్తుంది.

[దృశ్యం: ఖాళీ తొట్టిలో జున్ను ఉడికించిన చికెన్ ముక్క తింటూ ఉంటుంది.]

వ్యాఖ్యాత: తొందరేమీ లేని స్నానమైతే వారం, పది రోజుల ముందే సిద్ధం కావడం మంచిది. మొదటి రెండు మూడు రోజులు ఖాళీ తొట్టిలో దానికి ఇష్టమైన తిండి పెట్టండి. తర్వాత అరచేతిని తడిచేసి వీపు మీద ఒకసారి నిమిరి వదిలేయండి. ఆ తర్వాత తొట్టిలో పాదాలు మాత్రమే మునిగేలా గోరువెచ్చని నీళ్లు పోసి, అందులో నిలబడి తినేలా అలవాటు చేయండి. ఏ రోజైనా అది వెనక్కి తగ్గితే మీరు కూడా ముందు రోజు మెట్టుకు తిరిగి వెళ్లండి.

స్నానానికి ముందు రోజు గోళ్ల కొనలు కత్తిరించాలి. పంజాను మెల్లగా నొక్కితే గోరు బయటికి వస్తుంది. లోపల గులాబీ రంగులో కనిపించే భాగంలో రక్తనాళం ఉంటుంది కనుక దాన్ని తాకకుండా, చివరి తెల్లని కొనను మాత్రమే తీయాలి. పొడుగు వెంట్రుకల పిల్లినైతే తడపకముందే దువ్వాలి, ఎందుకంటే తడిసిన చిక్కు మరింత బిగుసుకుపోయి చివరికి కత్తెరకు పని చెబుతుంది.

[దృశ్యం: వ్యాఖ్యాత మోచేయిని నీళ్లలో ముంచి చూస్తారు. పక్కన ఆమె అక్క తువ్వాళ్లు పట్టుకుని నిలబడి ఉంటుంది.]

వ్యాఖ్యాత: పిల్లి ఒంటి వేడి మన కంటే కాస్త ఎక్కువ, దాదాపు 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. నీళ్లు కూడా 38 డిగ్రీలకు దగ్గరగా ఉంటే చాలు. పసిబిడ్డకు లాలపోసే ముందు అమ్మమ్మలు మోచేతితో వేడి చూసినట్లే ఇక్కడా చూడండి. నీళ్లన్నీ ముందుగానే తొట్టిలోనూ బకెట్లలోనూ పట్టి ఉంచుకుని, కుళాయి కట్టేసిన తర్వాతే పిల్లిని లోపలికి తీసుకురండి. తొట్టిలో నీళ్లు దాని పొట్టను తాకీ తాకనట్టు, ఒక నాలుగు అంగుళాలు ఉంటే సరిపోతుంది. బోరు నీళ్లలో నురగ సరిగా రాక చాలామంది షాంపూ ఎక్కువ పోసేస్తారు, అది వదలక వెంట్రుకల్లో మిగిలిపోతుంది. వీలైతే చివరిసారి కడగడానికి ఒక బకెట్టు మెట్రో నీళ్లు, అంటే చెన్నై నీటి సరఫరా బోర్డు ఇచ్చే నీళ్లు, దాచి ఉంచండి.

ఒకరు పట్టుకుంటే ఒకరు కడగాలి. మా ఇంట్లో అక్క జున్ను ఛాతీ కింద ఒక చేయి, భుజాల మీద ఇంకో చేయి ఉంచుతుంది, అంతే. మెడ మీది చర్మాన్ని పట్టి పైకెత్తడం పెద్ద పిల్లికి నొప్పినీ భయాన్నీ కలిగిస్తుంది కాబట్టి ఆ పని చేయకండి. మెడ నుంచి తోక వైపుకు, మగ్గును ఒంటికి ఆనించి చప్పుడు లేకుండా నీళ్లు జారవిడవండి. ముఖం మీద నీళ్లు పోయనే కూడదు, చెవుల్లోకి నీళ్లు వెళితే చీము పట్టవచ్చు. ముఖాన్ని తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. వెనుక భాగానికి మాత్రమే మురికి అంటితే ఆ భాగాన్ని మాత్రమే కడిగి వదిలేయవచ్చు.

[దృశ్యం: బల్ల మీద వరుసగా మనుషుల షాంపూ, కుంకుడుకాయలు, వేపనూనె, కుక్కల షాంపూ, పిల్లుల షాంపూ.]

వ్యాఖ్యాత: ఇక్కడ కొంచెం ఆగి వినమని ప్రత్యేకంగా కోరుతున్నాను. పిల్లి ఒంటి మీద రాసిన ప్రతిదీ చివరికి దాని కడుపులోకి వెళుతుంది, ఎందుకంటే స్నానం అవగానే అది ఒళ్లంతా నాకుతుంది. పైగా కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. అందుకే నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే క్రిమిసంహారక ద్రవాలు, ఫినాయిల్, కర్పూరం, టీ ట్రీ నూనె దానికి విషమే. కుక్కల పేలకూ గోమార్లకూ వాడే కొన్ని మందుల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి వణుకు, మూర్ఛలు తెప్పించి ప్రాణం తీయగలదు. కుంకుడుకాయ సహజమైనదే కదా అని మా కింది వాటా అత్తయ్యగారు అడిగారు. ఆ రసం మన కళ్లలో పడితే ఎంత మండుతుందో మనకు తెలుసు, పిల్లి దాన్ని నాకితే వాంతులు కావచ్చు. పిల్లుల కోసమే తయారైన, సువాసన లేని షాంపూను నీళ్లలో కలిపి వాడటం అన్నివిధాలా క్షేమం.

ఎలుకల జిగురు అట్టకు అతుక్కున్న పిల్లి విషయం వేరు. లాగకండి, కిరోసిన్ గానీ టర్పెంటైన్ గానీ అసలు దగ్గరికి రానివ్వకండి. మిగతా ఒంటికి అంటకుండా జిగురు మీద గోధుమపిండి చల్లి, అంటుకున్న చోట వంటనూనె గానీ కొబ్బరినూనె గానీ పోసి నిదానంగా వేళ్లతో మర్దన చేస్తే అది వదులుతుంది. తర్వాత ఆ నూనెను గిన్నెలు కడిగే ద్రవం కొన్ని చుక్కలతో కడగవచ్చు. ఇంజిన్ ఆయిల్ అంటినప్పుడు కూడా అదే ద్రవం పనికొస్తుంది, కానీ ఇది అత్యవసరానికే తప్ప అలవాటుకు కాదు. పిల్లి ఆ నూనెను అప్పటికే నాకి ఉంటే స్నానం కంటే ముందు వైద్యుడు అవసరం. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాలకు వేపేరిలో ఆసుపత్రి ఉంది.

చెవులు వెనక్కి అణచడం, తోక విసరడం, గుర్రుమనడం కనిపిస్తే చేతులు నెమ్మది చేసి, అది తగ్గకపోతే ఒంటి మీది షాంపూను కడిగేసి ముగించండి. నోరు తెరిచి రొప్పడం మొదలుపెడితే మాత్రం ఆ క్షణమే ఆపేయాలి. కుక్కకు రొప్పడం మామూలే గానీ పిల్లి విషయంలో అది ప్రమాద సూచన. చల్లని చోట వదిలిన తర్వాత కూడా తగ్గకపోతే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. మీకు గోరు గీరుకున్నా, పన్ను దిగినా ఆ గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లలో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు వైద్యుడికి చూపించండి. రేబిస్ టీకాను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. పిల్లి పన్ను సన్నగా లోతుగా దిగుతుంది కాబట్టి పైకి చిన్నదిగా కనిపించే గాయం కూడా లోపల చీము పట్టగలదు.

[దృశ్యం: తువ్వాలులో చుట్టిన జున్ను, తల మాత్రమే బయటికి కనిపిస్తుంది.]

వ్యాఖ్యాత: తువ్వాలుతో రుద్దకుండా అద్ది నీళ్లు తీయండి, తడిసిన తువ్వాలు మార్చి రెండోది, మూడోది వాడండి. చెన్నై గాలిలో తేమ ఎక్కువ, ముఖ్యంగా నవంబరు, డిసెంబరు వానల్లో ఒత్తైన వెంట్రుకలు గంటల తరబడి ఆరవు, ఆ చెమ్మ తామరకు అనువుగా ఉంటుంది. అందుకే నేను ఉదయం పదకొండు లోపలే స్నానం ముగిస్తాను, ఆరేవరకు ఏసీ వేయను. తలంటిన తర్వాత మనం జుట్టుకు పట్టే సాంబ్రాణి పొగను అమ్మ జున్నుకు కూడా పట్టబోతే వద్దని వారించాను, ఎందుకంటే ఆ పొగ పిల్లి ఊపిరితిత్తులకు పడదు, కొన్నింటికి ఉబ్బసం రావచ్చు.

ఇంట్లో మరో పిల్లి ఉంటే, స్నానంతో వాసన మారిన పిల్లిని అది గుర్తుపట్టక బుసకొట్టవచ్చు. రెండింటినీ కొన్ని గంటలు వేర్వేరు గదుల్లో ఉంచి, ఇంట్లో పిల్లులు రెండూ పడుకునే పాత దుప్పటి మీద స్నానం చేసిన పిల్లిని పడుకోబెట్టండి. అది ఒళ్లంతా నాక్కోవడం ముగించి, తనంతట తానుగా తలుపు దగ్గరికి వచ్చి పిలిచినప్పుడు తలుపు తీయవచ్చు.