భుజాన మోసే సింథసైజర్: మన పాటకు ఎంతవరకు పనికివస్తుంది?

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నా ఎదుట సంగీత కళాశాల విద్యార్థులు, తిరుపతి భజన మండళ్ళలో కీబోర్డు వాయించేవారు, చిత్తూరు, పుత్తూరు వైపు నుంచి వచ్చిన హార్మోనిస్టులు కూర్చుని ఉన్నారు. సభ మొదలు కాకముందే ఒక కుర్రవాడు ఈ బల్ల మీదనున్న చిన్న సింథసైజర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, ఇందులో వీణ ఉండాదా?" అని అడిగాడు. లేదన్నాను. "తబలా?" అదీ లేదన్నాను. "మరి ఏముండాది సార్?" అని నవ్వేశాడు. ఆ మూడో ప్రశ్నకు జవాబు చెప్పడమే ఈ ప్రసంగం పని.

మనలో ఎక్కువ మంది వాడేది అరేంజర్ కీబోర్డు. అందులో వందలకొద్దీ టోన్లు సిద్ధంగా ఉంటాయి, ఎడమచేత్తో ఒక కార్డు (కలిసి పలికే స్వరాల గుంపు) పట్టుకుంటే తాళమూ బేసూ వాటంతట అవే నడుస్తాయి. మన దేశం కోసమే తయారైన నమూనాల్లో తంబురా తబలాలు కూడా పెట్టి ఇస్తున్నారు. ప్రోగ్రామబుల్ సింథసైజర్ వ్యవహారం వేరు. అది శబ్దాన్ని ఇవ్వదు, శబ్దాన్ని తయారుచేసుకునే సరంజామా ఇస్తుంది, తయారుచేసినదాన్ని ఒక నంబరు కింద దాచిపెడుతుంది. మొదటిది వండి వార్చిన భోజనమైతే రెండోది పొయ్యి, దినుసులు. ఆకలితో వచ్చినవాడికి పొయ్యి చూపిస్తే కోపం రావడం సహజమే కాబట్టి ఆ కుర్రవాడి నవ్వును నేను తప్పుపట్టను.

"దాచిపెట్టడం" అన్నది ఈ వాద్యాల చరిత్రలో ఆలస్యంగా వచ్చిన సౌకర్యం. 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజర్‌కు జ్ఞాపకశక్తి లేదు. ఒక శబ్దం కుదిరితే నాబ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద గీసుకోవడం తప్ప దారి లేదు. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 లోపల ఒక మైక్రోప్రాసెసర్ కూర్చుని 40 శబ్దాలను గుర్తుపెట్టుకునేది, కానీ దాన్ని భుజాన వేసుకుని పల్లెకు పోలేము. తర్వాత కొన్నాళ్ళకు క్యాసియో వారి వీఎల్-1 వచ్చింది. అది సగం కాలిక్యులేటరు, సగం వాద్యం. ఎనిమిది అంకెలు నొక్కితే అదే ఒక శబ్దమయ్యేది: మొదటి అంకె ధ్వని రూపం, తర్వాతివి అది ఎంత వేగంగా లేవాలి, ఎలా తగ్గాలి, ఎంతసేపు నిలవాలి, ఎంత వణకాలి అన్నవి. ఒక శబ్దాన్ని ఫోన్ నంబరులా చీటీ మీద రాసి స్నేహితుడి చేతికి ఇవ్వగలగడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. 1983లో యమహా డీఎక్స్7 శబ్దనిర్మాణాన్ని చాలామంది చేతికి అందించింది, కానీ దాన్ని మోయాలంటే ఇంకొకరి సాయం కావాలి. 1984లో వచ్చిన క్యాసియో సీజెడ్-101తోనే "మోయగలిగేది, ప్రోగ్రామ్ చేయగలిగేది" అన్న రెండు మాటలు ఒకే వాద్యంలో సరిగ్గా కలిశాయని నా అభిప్రాయం: 49 చిన్న మెట్లు, బ్యాటరీలతో నడక, సొంత శబ్దాలకు 16 గదులు. తర్వాతి మైక్రోకార్గ్, యమహా రీఫేస్, కార్గ్ మోనోలాగ్ వంటివన్నీ ఆ బాట వెంట వచ్చినవే.

ఇక లాభమేమిటో ఒక ఉదాహరణతో చూపిస్తాను. సన్నాయిని పోలిన శబ్దం కావాలనుకుందాం. రెడీమేడ్ కీబోర్డులో ఆ పేరుతో ఒక టోన్ ఉంటే ఉంటుంది, ఉన్నా అది ఎవరో ఎక్కడో రికార్డు చేసిన ఒక్కొక్క స్వరపు ముక్క. దాన్ని సాగదీయబోతే అసలు రంగు బయటపడుతుంది. ఇందులో నేను రంపపు పళ్ళలాంటి సాటూత్ తరంగంతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో అన్ని అనుస్వరాలూ (అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు) ఉంటాయి. ఫిల్టర్‌తో పై అనుస్వరాలను కొంత కోసి, రెజొనెన్స్‌తో, అంటే ఆ కోత దగ్గరి స్వరాలను పైకెత్తి, ఒకచోట ముక్కుతో పాడినట్టు బిగువు తెప్పిస్తాను. స్వరం లేచేటప్పుడు, నాలుకతో ఊదినప్పటి తాకిడి కోసం, ఫిల్టర్ ఒక్క క్షణం ఎక్కువ తెరుచుకుని వెంటనే ముడుచుకునేలా ఎన్వలప్‌ను, అంటే శబ్దం లేచి తగ్గే తీరును, అమర్చుతాను. తర్వాత అతి ముఖ్యమైనది: ఒకేసారి ఒక్క స్వరమే పలికేలా వాద్యాన్ని ఒక్క గొంతుకకు కట్టేసి, ఒక మెట్టు వదలకుండా ఇంకో మెట్టు నొక్కినప్పుడు శబ్దం మళ్ళీ మొదటినుంచి మొదలుకాకుండా జారేలా పోర్టమెంటో పెడతాను. ఇంతా చేశాక అది సన్నాయి కాదు. కానీ మన రాగంలో నడవగలిగే గొంతు అయింది, ఆ గొంతు నాది.

గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, దగ్గరే మన వాద్యకారులకు, మెట్ల వాద్యాలకు పాత పేచీ ఉంది. 1940 నుంచి 1971 వరకు ఆకాశవాణి హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదంటే, దానికి చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి ఈ స్థిరమైన మెట్లే. తోడి గాంధారాన్ని తలచుకోండి. అది ఒకచోట నిలిచే స్వరం కాదు, కింద రిషభం దాకా, పైన మధ్యమం దాకా ఊగే స్వరం. స్వరాన్ని పైకీ కిందికీ జార్చడానికి ఎడమచేతి బొటనవేలితో తిప్పే చక్రం, పిచ్ బెండ్ వీల్, సాధారణంగా రెండు అర్ధస్వరాల మేరకే పెట్టి వస్తుంది. ఆ పరిధిని మనకు కావలసినంత పెంచుకోవచ్చు. అయితే పరిధి పెంచినకొద్దీ బొటనవేలి అదే కదలికకు స్వరం ఎక్కువ దూరం పోతుంది కనుక, నాలుగు అర్ధస్వరాలకు పెట్టిన రోజు చేయి మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి. చెన్నైలో కె. సత్యనారాయణన్ గారు కీబోర్డు మీద కర్ణాటక కచేరీలు చేయడం మీలో కొందరు వినే ఉంటారు. యంత్రం దారి ఇచ్చినా సాధన చేసిన చేయి లేకపోతే గమకం రాదని వారి ఎడమచేతిని గమనిస్తే తెలుస్తుంది.

శ్రుతి మాట ఇంకా సూక్ష్మం. కీబోర్డులు మామూలుగా స్థాయిని (ఒక షడ్జం నుంచి పై షడ్జం దాకా) 12 సమభాగాలు చేస్తాయి. మన తంబురాలో మంద్ర షడ్జం తీగ మీటితే అందులోంచి అంతర గాంధారం తనంతట తానే పలుకుతుంది, దానికి స్వయంభూ గాంధారమని పేరు. ఒకటిన్నర శ్రుతిలో (షడ్జం సీ-షార్ప్ మెట్టు మీద) ఆ గాంధారం దాదాపు 346.5 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అదే స్థాయిలో కీబోర్డు పలికించే గాంధారం 349.2 దగ్గర ఉంటుంది. రెండూ కలిపి నిలబెడితే సెకనుకు దాదాపు మూడుసార్ల చొప్పున శబ్దం అలలు అలలుగా కొట్టుకోవడం వినిపిస్తుంది. కాస్త తర్వాత తంబురా పెట్టి మీకు వినిపిస్తాను. మోనోలాగ్ వంటి కొన్ని చిన్న సింథసైజర్లలో ప్రతి మెట్టునూ విడిగా కాస్త దించి లేదా ఎక్కించి, ఆ అమరికను దాచుకోవచ్చు. మన సంగీతం వైపు నుంచి చూస్తే ప్రోగ్రామింగ్ అన్నదానికి ఇంతకన్నా పెద్ద ప్రయోజనం నాకు కనబడలేదు. చిక్కల్లా ఎక్కడంటే, ఆ సవరణ మెట్టుకు అంటుకుని ఉంటుంది, తనంతట తానే షడ్జం వెంట రాదు. గాయకుడు ఒకటిన్నర నుంచి రెండుకు మారమంటే అమరికంతా తప్పుతుంది. శ్రుతికి ఒక అమరిక చొప్పున ముందే చేసి దాచుకోవడం దీనికి మందు.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బ చెబుతాను. చిత్తూరు పక్క ఒక పల్లెలో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతోంది. అర్జునుడి వేషధారి తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే ఘట్టానికి హార్మోనియం పెద్దాయనకు తోడుగా నన్ను పిలిచారు. మాను చుట్టూ జనం, వేషధారి ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పద్యం అందుకుంటాడు, అతని వెనకే నడవాలి. పెట్టెను నేల మీదినుంచి కదిపే వీలు లేని పెద్దాయన వెనకబడిపోయారు, నేను బెల్టుతో మెడకు తగిలించుకుని మాను మొదటి దాకా పోగలిగాను. లాభం అక్కడే కళ్ళకు కట్టింది. ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎంతో ఇష్టంగా చేసుకున్న శబ్దం, చింతచెట్టుకు కట్టిన మైకు గొట్టాల్లో పడేసరికి చెవులు కోసినట్టు కీచుమంది. ఫిల్టర్ నాబ్ పావువంతు వెనక్కి తిప్పగానే దారికి వచ్చింది. రెడీమేడ్ కీబోర్డు అయితే టోన్ మార్చడం తప్ప ఏమీ చేయలేకపోయేవాణ్ణి. ఆ సంతోషంలో, ఈ సవరణ పోకూడదని వెంటనే శబ్దాన్ని దాచే రైట్ (Write) బటన్ నొక్కాను. చీకట్లో నంబరు చూసుకోలేదు. మూడు వారాలు కూర్చుని చేసుకున్న తంబురా శబ్దం మీద ఆ సన్నాయి వెళ్ళి కూర్చుంది. తర్వాతి పద్యానికి శ్రుతి వేయబోతే తంబురాకు బదులు సన్నాయి మోగింది. పెద్దాయన తన పెట్టె బెల్లోస్ (గాలి తిత్తి) వదిలి నా వైపు ఒక చూపు చూసి, "నాయనా, నా పెట్టెలో చెరిపేసేదానికేమీ లేదు" అన్నారు. అప్పటినుంచి నా శబ్దాలన్నిటికీ కంప్యూటర్‌లో ఒక నకలు, ముఖ్యమైన వాటికి నోటుపుస్తకంలో ఒక నకలు ఉంటాయి.

మిగిలిన లోపాలను గబగబా చెప్పేస్తాను. ఆరు ఏఏ బ్యాటరీలతో ఇలాంటివి చాలావరకు నాలుగైదు గంటలు నడుస్తాయి. తెల్లవార్లూ సాగే వీధినాటకానికి ఒక సెట్టు బ్యాటరీలు చాలవు. అడాప్టర్ మీద ఆధారపడితే పల్లె వోల్టేజీ హెచ్చుతగ్గుల మీద కూడా ఆధారపడినట్టే. మైక్రోకార్గ్‌లో ఒకేసారి పలికేవి నాలుగు స్వరాలు, మోనోలాగ్‌లో ఒక్కటే. సినిమా పాటకు కార్డులు పట్టేవారికి ఇది చాలదు. చిన్న మెట్ల మీద లావు వేళ్ళకు ఇబ్బంది, పెడల్ పెట్టుకునే రంధ్రం చాలావాటిలో ఉండదు కనుక బెల్లోస్‌తో హార్మోనిస్టు చేసే ఉచ్ఛ్వాస నిశ్వాసాలు ఇందులో కష్టం. శబ్దం బయటికి తీసే తీగకు కొన్నిటిలో సన్న పిన్ను, మైకు సెట్టు వాళ్ళ దగ్గర ఉండేది పెద్ద పిన్ను. చిన్న కన్వర్టర్ సంచిలో వేసుకోవడం మరిచిపోయి కచేరీ పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. లోపల ఉండే సీక్వెన్సర్లు (ఇచ్చిన స్వరాలను వరసగా తిప్పి వాయించేవి) చాలావరకు 16 అడుగులకు కట్టినవి: ఆదితాళానికి ఇబ్బంది లేదు, మిశ్రచాపుకు చివరి రెండు అడుగులు ఆపేసి 14కు తేవాలి. ఆపే వీలు ఉందో లేదో కొనేముందే అంగట్లో నొక్కి చూడండి.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు కాలం. ఒక శబ్దం చెవికి నచ్చేదాకా చేయడానికి నాకు సగటున కొన్ని రోజులు పడుతుంది, అవి సాధన నుంచి తీసిన రోజులే. పెళ్ళిళ్ళలో, ఆర్కెస్ట్రాల్లో గంటకు ఇరవై పాటలకు ఇరవై రంగులు మార్చవలసినవారు అరేంజర్ కీబోర్డే కొనుక్కోవాలని నా సలహా. ఈ చిన్న వాద్యం వారిని ఇబ్బందిపెడుతుంది. ఏకవాద్యంగా రాగం వాయించాలనుకునేవారు, హరికథకో భారతానికో ఒకే గాయకుడి వెనక ఒకే శ్రుతిలో నడిచేవారు, మూడు నాలుగు శబ్దాలను ఏళ్ళ తరబడి చెక్కుకునే ఓపిక ఉన్నవారు మాత్రం దీన్ని తీసుకోవచ్చు. 128 గదులున్న వాద్యంలో నేను వాడేవి ఐదు. మిగిలినవాటిలో ఏముందో నాకే సరిగ్గా గుర్తులేదు.

ఇప్పుడు తంబురా పెడతాను. ముందు మామూలు గాంధారం, తర్వాత దించిన గాంధారం వినండి. ఆపైన హార్మోనిస్టులు ముందు వచ్చి వాయించి చూడండి, కుర్రవాళ్ళు వారి తర్వాత. బ్యాటరీలు మధ్యాహ్నమే మార్చాను కనుక తొందర లేదు. ఎడమవైపు చివర ఉన్న ఆ బటన్ మీద మాత్రం నేను ప్లాస్టర్ అంటించాను. దాన్ని దయచేసి ఎవరూ తీయవద్దు.