శ్రీసిటీ ఇసుజు ప్లాంట్‌: నాకు బాగా నచ్చింది 2020లో వచ్చిన మార్పు

అందరికీ నమస్కారం. ఇసుజు కంపెనీ పికప్ బండి వి-క్రాస్ మీద వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి ఈరోజు బండిని కాస్త పక్కన పెట్టి, అది తయారయ్యే ప్లాంట్ గురించి, అంటే శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఉన్న ఫ్యాక్టరీ గురించి మాట్లాడతాను. మన తిరుపతి జిల్లాలోనే ఉన్నా దాని సంగతి ఇక్కడ చాలామందికి తెలీదు.

ఇసుజు మన దేశంలో కంపెనీ పెట్టింది 2012లో. అప్పటికి సొంత ప్లాంట్ లేదు, అందుకే మొదటి డీ-మ్యాక్స్ పికప్‌లు, ఎంయూ-7 ఎస్‌యూవీలు తిరువళ్ళూరులోని హిందుస్థాన్ మోటార్స్ ప్లాంట్‌లో తయారయ్యాయి. అవును, అంబాసిడర్ కారు చేసిన ఆ హిందుస్థాన్ మోటార్సే! 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో సొంత ప్లాంట్ మొదలైంది, ఏడాదికి 50,000 బండ్ల సామర్థ్యంతో. ఇక్కడే ఎందుకంటే చెన్నై–కోల్‌కతా హైవే పక్కనే ఉంది, చెన్నై, ఎన్నూరు పోర్టులు దగ్గర, విడిభాగాలు చేసే కంపెనీలన్నీ చెన్నై చుట్టుపక్కలే.

అసలు విషయం 2020లో జరిగింది. అంతవరకూ ఈ ప్లాంట్‌లో బాడీ వెల్డింగ్, పెయింట్, అసెంబ్లీ ఉండేవి, ఆ ఏడాది ప్రెస్ షాప్, ఇంజిన్ అసెంబ్లీ కూడా వచ్చాయి. ప్రెస్ షాప్ అంటే ఉక్కు రేకుని డై (అచ్చు) మధ్య పెట్టి నొక్కితే డోరో, బానెట్టో అయి బయటికొస్తుంది. డోర్లు, బానెట్లు బయటినుంచి తెచ్చుకుంటే లారీలో సగం ఖాళీ జాగాకే కిరాయి కట్టాలి, దారిలో సొట్టలు పడే భయం వేరే. అదే ప్రెస్ లోపలే ఉంటే, వెల్డింగ్ దగ్గర డోర్ గ్యాప్ కాస్త తేడాగా కనిపించినా డై చూసేవాళ్ళకి అప్పటికప్పుడు చెప్పి సరిచేయించుకోవచ్చు. ఇంజిన్ విషయానికొస్తే, పొగ కాలుష్యం తగ్గించే బీఎస్-6 రూల్స్ వచ్చాక వి-క్రాస్‌లో 2.5 లీటర్ ఇంజిన్ పోయి 1.9 లీటర్ డీజిల్ ఒక్కటే మిగిలింది, సైజు తగ్గినా టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, 320 నుంచి 360 ఎన్ఎంకి పెరిగింది.

నా లెక్కలో ప్లాంట్ పెట్టడం కంటే ఈ ప్రెస్ షాప్, ఇంజిన్ అసెంబ్లీ రావడమే పెద్ద విషయం. బోల్టులు బిగించే పని కొన్ని వారాల్లో వచ్చేస్తుంది, డై మెయింటెనెన్స్ అలా కాదు, ఏళ్ళు పడుతుంది, నేర్చుకున్నవాళ్ళని ఏ కార్ల కంపెనీ అయినా పిలిచి తీసుకుంటుంది. సత్యవేడు, వరదయ్యపాళెం, శ్రీకాళహస్తి పిల్లలకి అలాంటి పని ఇంటి దగ్గరే ఉండాలని నా కోరిక.

ఎస్వీ పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో చదువుతూ ఈ వీడియో చూస్తున్నవాళ్ళు ఉంటే, శ్రీసిటీలో ఏ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళినా జీతం ఒక్కటే అడిగి ఊరుకోకండి, ప్లాంట్‌లో ఏ షాప్‌లో (విభాగంలో) వేస్తారో, అక్కడ మెషిన్ మీద ట్రైనింగ్ ఎన్ని నెలలు ఇస్తారో కూడా అడగండి.